నలభై రోజుల దొంగమొక్కు

జ్వరమొస్తే నుదురు చూపించవచ్చు, కాలు విరిగితే కట్టు చూపించవచ్చు. సూరయ్యకు వచ్చిన జబ్బులో నలుగురికీ చూపించడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక మంచం, దానిమీద నలభై ఒక్కేళ్ల మగవాడు, వాడిమీద ఒక దుప్పటి. మారిషస్‌లో ప్లేజాన్స్ విమానాశ్రయంలో సర్కారు గుమాస్తా, ప్లేన్ మాన్యెన్ ఊరి తెలుగువాళ్లలో కొడవలి పట్టకుండా కలం పట్టి జీతం తీసుకున్న మొదటి మనిషి, శనివారం భజనలో గొంతెత్తితే వంటింట్లో ఆడవాళ్లు గరిటె ఆపి వినేంతటివాడు. అంతటి ఘనుడు ఇప్పుడు పొద్దున లేచి పళ్లు తోముకోవడానికి తనతో తానే గంటసేపు రాయబారం నడుపుతున్నాడు. చాలా రోజులు ఆ రాయబారం చెడిపోయేది.

అసలు సిగ్గంతా అది వచ్చిన వేళలో ఉంది. 1960 ఫిబ్రవరిలో కారోల్ తుఫాను వచ్చి ఊళ్లో ఎన్నో ఇళ్ల కప్పులు ఎగరేసుకుపోయింది. సూరయ్య ఇంటి రేకు ఒక్కటి కూడా కదల్లేదు. ఇళ్లు పోయినవాళ్లు చెరుకుతోటల్లో పడి తమ రేకులు వెతికి తెచ్చుకుని, వంగిన మేకులు సాగగొట్టుకుని మళ్లీ ఇళ్లు నిలబెట్టుకుంటుంటే, ఇల్లు నిలిచినవాడు మంచమెక్కాడు. “కూలాల్సినవాళ్లే కూలలేదు, నువ్వెందుకు కూలావురా?” అని తనను తానే రోజుకు పదిసార్లు నిలదీసేవాడు.  దుఃఖమైతే ఏడ్చి ఊరుకునేవాడే. ఏడుపు కూడా రాలేదు. గుండెలో తడి సిమెంటు పోసినట్టు బరువు, అంతే.

భార్య పార్వతీదేవి రెండు నెలలు ఓర్చుకుంది. మూడో నెలలో ఊళ్లోవాళ్లకు పన్నునొప్పి అని చెప్పి, అతన్ని బస్సెక్కించి రోజ్ హిల్ తీసుకెళ్లింది. పన్నునొప్పికి అంతదూరమెందుకని ఎవరూ అడగలేదు గాని, అడిగినా చెప్పడానికి రెండు పళ్లు ముందే ఎంచి పెట్టుకుంది. దగ్గర్లో డాక్టరుకు చూపిస్తే మధ్యాహ్నానికల్లా ఊరంతా ‘ఫూ’ అంటుంది. క్రియోల్‌లో పిచ్చివాణ్ణి అనే మాట అది. ఒకసారి అంటుకుందంటే మనవల కాలానికి కూడా వదలదు.

రోజ్ హిల్ డాక్టరు రోజర్ లావుపాటి మనిషి. మూడు మెట్లెక్కితే చెమట తుడుచుకునేవాడు, నోట్లో సిగరెట్టు ఆరనిచ్చేవాడు కాడు. సూరయ్య కళ్లు చూశాడు, మోకాళ్ల మీద సుత్తితో కొట్టాడు, నిద్ర గురించి అడిగాడు. ఫ్రెంచిలో పొడుగాటి పేరొకటి చెప్పి, మాత్రలు రాసి, మూడు నెలల సెలవు కాగితం ఇచ్చాడు. ఆగస్టు మధ్యలో డాక్టర్ల బోర్డు చూస్తుందనీ, అప్పటికీ కోలుకోకపోతే పనికిరాడని రాసి ఇంటికి పంపేస్తారనీ మెల్లగా చెప్పాడు. ఆ తర్వాత అసలు మందు చెప్పాడు. రోజూ పొద్దున్నే గంటసేపు నడవాలట.

“నడవగలిగితే మీ దగ్గరికెందుకొస్తాను, దోక్తేర్?” అన్నాడు సూరయ్య.

డాక్టరు నవ్వి, పొగ వదిలి, “నిజమే. అయినా నడవండి” అన్నాడు.

ఉట్టికెగరలేనమ్మను స్వర్గానికెగరమన్నట్టుంది. నీళ్లగది దాకా పోలేనివాణ్ణి గంట దూరం పొమ్మంటాడు, అదీ మూడు మెట్లకే ఆయాసపడే పెద్దమనిషి. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ సూరయ్యకు మనసులో అదే తిరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం అతను. డాక్టరు నడవమంటే అతనికి వినిపించింది నడవమని కాదు, ‘ఒళ్లు బద్ధకం, లేచి తిరిగితే అదే పోతుంది’ అని. ఆ మాటే అతను తనను తాను మూడు నెలలుగా అంటున్నాడు. దానికి బస్సు ఛార్జీ దండగ.

జూన్‌లో ఒక మంగళవారం పార్వతీదేవి దుప్పటి లాగేసి, చేతికి గొడుగిచ్చి, గుమ్మం బయట నిలబెట్టి తలుపేసింది. ఆ దేశంలో జూన్ అంటే చలికాలం, ఇంకా సరిగా తెల్లవారలేదు. సూరయ్య ఆఫీసు బూట్లతో పది అడుగులు వేసి ఆగిపోయాడు. ఎక్కడికి వెళ్లాలి? చెరుకు ఊళ్లో ఊరికే నడిచేవాడు ఉండడు. నడిచే ప్రతివాడి చేతిలోనూ కొడవలో పారో బజారు బుట్టో ఉంటుంది. పనిలేని నడక ఆ ఊళ్లో ఇద్దరిదే, తాగినవాడిది, ఫూ అయినవాడిది. సూరయ్య తాగలేదు.

సరిగ్గా అప్పుడే గుడి దగ్గర్నుంచి బాలయ్య ఎదురొచ్చాడు. డెబ్భై ఏళ్లు దాటిన ముసలాయన, గుడిలో పూజారి ఆయనే, భజనకు పెద్దా ఆయనే.

“ఏం సూరయ్యా, కోత్ పే అలే? ఎక్కడికెళ్తన్నావ్ ఇంత పొద్దుటే?”

సూరయ్య బుర్రలో గుమాస్తా చకచకా కాగితాలు తిరగేశాడు. దుకాణానికి అనడానికి చేతిలో బుట్ట లేదు. ఆఫీసుకి అనడానికి సెలవు. పన్నునొప్పికి నడక వైద్యమంటే బాలయ్య పసిపిల్లాడు కాడు. నోటికి దొరికింది ఒక్కటే.

“మొక్కు, బాబాయ్.”

“ఎవరికి?”

“సింహాద్రి అప్పన్నకి. నలభై రోజులు నడుస్తానని.”

ఎందుకన్నాడో అతనికే తెలీదు. తాతగారు చెరుకు పనికి ఓడెక్కకముందు సింహాచలం కొండ చుట్టూ నడిచి దణ్ణం పెట్టుకొచ్చాడని చిన్నప్పుడు విన్నాడు, అదే నాలుక మీదికి ఎక్కినట్టుంది. బాలయ్య కళ్లు చెమర్చాయి. “మీ తాత పోలికే నువ్వు” అని, అతని కాళ్లకేసి చూసి, “మొక్కు నడకకి బూట్లేంటయ్యా?” అన్నాడు.

బూట్లు అక్కడికక్కడే విప్పాల్సి వచ్చింది. డాక్టరు గంట నడవమన్నాడు, అంతే. దేవుడు పైన ఇంకా చాలా వేశాడు. వట్టికాళ్లు, తెల్లవారకముందే తలస్నానం, కోడికూర బంద్, ఆదివారం వేసుకునే చిన్న గ్లాసు రమ్ము బంద్. గోరుచుట్టుపై రోకటిపోటంటే ఏమిటో సూరయ్యకు బూట్లు చేతపట్టుకుని, చల్లటి కంకర మీద కుంటుతూ ఇల్లు చేరిన ఆ పొద్దున తెలిసింది.

పార్వతీదేవి విని మొదట నవ్వింది, అన్ని నెలల్లో అదే మొదటి నవ్వు. తర్వాత భయపడింది. “దేవుడి పేరుమీద అబద్ధం చెప్పొచ్చావా? ఇంక చచ్చినట్టు నడవాలి. నడక మానితే డాక్టరు ఒక్కడే అడుగుతాడు గాని, మొక్కు మానితే ఊరంతా అడుగుద్ది” అంది.

అలా మొదలైంది. విమానాశ్రయం వైపు పోయే దారిలో చెరుకుతోటల మధ్య ఒక మలుపుంది. అక్కడ నిలబడితే ఈశాన్యాన, సముద్రానికి దగ్గరగా, సింహం పడుకున్నట్టు ఒక కొండ కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్లు కూడా దాన్ని సింహం కొండనే అన్నారు. అప్పన్న కొండ లేని దేశంలో అప్పన్నకు అదే కొండని బాలయ్య తీర్పు చెప్పాడు. మలుపు దాకా వెళ్లి, కొండకు దణ్ణం పెట్టి తిరిగొస్తే సరిగ్గా గంట. దేవుడూ డాక్టరూ ముందే మాట్లాడుకున్నట్టు కుదిరింది.

మొదటి వారం అతనికి అసహ్యం తప్ప ఏమీ పుట్టలేదు. నడిచేది తను కాదు, తన కాళ్ల మీద పెట్టిన తనలాంటి బస్తా ఒకటి. ఎదురైన ప్రతివాడూ “మొహంలో కళ వచ్చింది, సూరయ్యా” అనేవాడు, అది విన్నప్పుడల్లా వాడి పళ్లు రాలగొట్టాలనిపించేది. కొడవళ్లు భుజాన వేసుకుని పనికి పోయే కూలీల్ని చూస్తే ఇంకో కోపం. చెమట పడితే దిగులు పోతుందంటాడు డాక్టరు. అదే నిజమైతే ఈ తోటల్లో పుట్టి, ఈ తోటల్లో వంగి చచ్చినవాళ్లలో ఒక్కడికైనా దిగులనేది తెలియకూడదు కదా. వాళ్లకు తీరికే లేదు కాబట్టి రాదేమో, కూర్చుని తినేవాడి రోగమేమో ఇది, అని మళ్లీ తన మీదికే తిప్పుకునేవాడు. ఏ దారిన బయల్దేరినా సూరయ్య బుర్ర చివరికి సూరయ్యను తిట్టే దగ్గరికే చేరేది. ఆ విషయంలో దానికి ఎంత నడకైనా అలుపుండేది కాదు.

తొమ్మిదో రోజు సగం దారిలో కాళ్లు ఆగిపోయాయి. చెరుకు వరసల్లోకి దూరి, నేలమీద కూలబడి, గంట గడిచేదాకా చీమల్ని చూస్తూ కూర్చున్నాడు. ఇంటికెళ్లి మలుపు దాకా వెళ్లొచ్చానన్నాడు. ఒక్క అబద్ధంతో దేవుణ్ణీ డాక్టర్నీ పెళ్లాన్నీ ముగ్గుర్నీ మోసం చేసినవాడు మారిషస్‌లో ఇంకొకడు ఉండడనుకున్నాడు. తను రాణించిన పని చాలాకాలం తర్వాత అదొక్కటే.

పదమూడో రోజున ఒక వింత జరిగింది. తిరిగొచ్చాక ఆకలేసింది. సంతోషం కాదు, ఉత్సాహం కాదు, ఉత్త ఆకలి. రెండు ఫరాటా రొట్టెలు తిని, మూడోది అడగడానికి సిగ్గుపడి ఊరుకున్నాడు. పార్వతీదేవికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే డాక్టరు గెలిచినట్టవుతుంది. మర్నాడు ఆకలి లేదు, మునుపటి బరువే. ఆ మర్నాడు మళ్లీ కొంచెం వేసింది. నడక మీద నమ్మకం కుదిరిందా అంటే లేదు. కాకపోతే తిట్టుకునే పని ఆ గంటలో కొంచెం తగ్గేది, వట్టి పాదాలకు ఏ రాయి గుచ్చుకుంటుందో చూసుకోవాలి గనక.

పదహారో రోజున సుబ్బమ్మ తోడైంది. యాభై దాటిన విధవ, తోటలో కలుపు తీసే కూలి. తుఫానుకు ఇల్లు పోయి, అప్పటికింకా రేకుల కొట్టాంలోనే ఉంటోంది. “నీ మొక్కులో నాకూ ఇంత పున్నెం రానీ, బాబూ” అని వెనక నడిచింది. సూరయ్యకు ఒళ్లు మండింది. దొంగమొక్కులో వాటాదారు! కాని వద్దనడానికి కారణం చెప్పాలి, అది లేదు. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆమె దారిపక్కన పిచ్చిజామ చెట్టు చూపించి, “ఎర్రవి పుల్లన, పసుపువి తియ్యన” అంది. నాలుగో రోజు తను కూడా ఏదో ఒక మాటన్నాడు, ఏమిటో గుర్తులేదు. ఇద్దరూ కలిసి రోజుకు ఆరేడు మాటల కంటే ఎక్కువ అనుకునేవారు కాదు. అయినా ఆమె రావడం మొదలెట్టాక అతను చెరుకు వరసల్లోకి దూరలేదు. దూరితే ఆమె నిలబడిపోతుంది, నిలబడితే ఆమె పనికి ఆలస్యమవుతుంది. తన కోసం వేయలేని అడుగు ఇంకొకరి ఆలస్యానికి భయపడి పడేది.

ఈలోగా బాలయ్య ఊరుకోలేదు. నలభయ్యో రోజు శనివారం పడింది. ఆ సాయంత్రం సూరయ్య వాకిట్లో దీపస్తంభం నిలిపి, చుట్టూ తిరుగుతూ భజన చేయాలని ఇంటింటికీ చెప్పాడు. బియ్యం, అరటిగెలలు, కర్పూరం రావడం మొదలెట్టాయి. ఆ ఊరి ఆనవాయితీ ఇంకొకటుంది. తిరగడం మొదలుపెట్టే ముందు, మొక్కుకున్నవాడు ఏ కష్టానికి మొక్కాడో దీపం ముందు నిలబడి నలుగురికీ చెప్పాలి. సూరయ్య ఆ సంగతే మరిచిపోయాడు. దేవుడి సంగతి అతనికి అంత గట్టిగా తెలీదు గాని, వెలిగించిన దీపం ముందు అబద్ధమాడే ధైర్యం మాత్రం లేదు. నిజం చెబుదామా, భజనకు ఆఫీసు పెద్ద గుమాస్తా శివరాం వస్తాడు. బోర్డుకు వెళ్లే రిపోర్టు రాసేది అతనే. అటు ఉద్యోగం, ఇటు పేరు. రెండూ పోతాయి.

ముప్పై ఎనిమిదో రోజున సుబ్బమ్మ రాలేదు. సూరయ్య దారిలో పావుగంట నిలబడ్డాడు. తర్వాత కొట్టాల వైపు వెళ్లాడు. తలుపు చేరవేసి ఉంది. లోపల ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జ్వరం లేదు, దగ్గు లేదు. ఆ పడుకోవడం సూరయ్య చూసిన మరుక్షణం గుర్తుపట్టాడు. తనకంటే బాగా ఎవడు గుర్తుపడతాడు?

“అక్కా” అన్నాడు.

“మో పా కపావ్, బాబూ. నా వల్ల కాదు. కాళ్లు రాటంలేదు.”

లేచి నాలుగడుగులు నడిస్తే అదే సర్దుకుంటుందనే మాట గొంతు దాకా వచ్చింది. అంత వేగంగా అది ఎలా తయారైందో చూసి అతనికే సిగ్గేసింది. గుమ్మంలో కూర్చుండిపోయాడు. “నాకు మొక్కేమీ లేదక్కా. జబ్బు. డాక్టరు నడవమన్నాడు. ఊరికి చెప్పలేక అప్పన్న పేరు వాడుకున్నా” అన్నాడు. ఆ మాట బయటికొచ్చిన మొదటిసారి అదే.

“తెల్సు.” ఆమె ఇటు తిరగలేదు. “మొక్కున్నోడు చెరుకులో దాక్కుంటాడా? ఆ రోజు పనికి పోతా చూసినాను. కూకున్న తీరు చూసి, నాకున్నదే ఈడికీ ఉందనుకున్నా. అందుకే నీ ఎనకొచ్చినా.”

“ఎన్నాళ్లుగా ఉంది?”

“మా ఆయన పోకముందు నించి. వత్తది, పోతది. ఎవరికి చెప్తాం? సెలవా ఇత్తారు?”

సూరయ్యకు తన సిద్ధాంతమంతా గుర్తొచ్చింది, కూర్చుని తినేవాడి రోగమని, చెమట పట్టేవాడికి రాదని. ఇరవై ఏళ్లుగా వంచిన నడుం ఎత్తని మనిషి అతని ఎదురుగా గోడకు తిరిగి పడుకుంది. “పగలంతా తోటలో కష్టపడతావు కదా, మళ్లీ ఈ నడకెందుకు వచ్చావక్కా?” అని అడిగాడు.

“తోటలో ఈ కాళ్లు పని చేయించే సర్దారువి, బాబూ. ఆడు ఎటంటే అటు. నీతో వచ్చే గంట నావి. ఎవురికీ చెప్పకు.”

ఆ రోజు ఇద్దరూ నడవలేదు. ఆమె పనికీ పోలేదు. సూరయ్య ఎండ వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుని లేచాడు. ముప్పై తొమ్మిదో రోజు కూడా అంతే.

ఉద్యోగం పోలేదని ఇక్కడే చెప్పేస్తాను. 1968లో మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చేనాటికి సూరయ్య అదే ఆఫీసులో, అదే కుర్చీలో ఉన్నాడు. ఈలోగా జబ్బు రెండుసార్లు తిరిగొచ్చింది, రెండుసార్లూ కొంత నడిచి, కొంత నడవలేక దాటాడు. కాని ఆ శనివారం సాయంత్రం వాకిట్లో దీపం వెలుగుతున్నప్పుడు ఇదంతా అతనికి తెలీదు. అరవై మంది కూర్చుని ఉన్నారు. శివరాం ముందు వరసలో చొక్కా మడతలు సరిచేసుకుంటున్నాడు. ఆడవాళ్ల వెనకగా, తల దువ్వుకోకుండా, సుబ్బమ్మ వచ్చి కూర్చుంది.

బాలయ్య తాళాలు చేత పట్టుకుని, “చెప్పు సూరయ్యా, ఏం కష్టానికి మొక్కావు?” అన్నాడు.

సూరయ్య దగ్గర రెండు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి, రెండూ మంచివే. నోరు తెరిచాడు.

“మొక్కు లేదు, బాబాయ్. మీకు అబద్ధం చెప్పాను. తుఫాను తర్వాత నా మనసుకు జబ్బు చేసింది. లేవలేను, తినలేను, పాడలేను. డాక్టరు నడవమన్నాడు. ఫూ అంటారని భయపడి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను.”

 పార్వతీదేవి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చివరికి ఒక ముసలమ్మ, “నడిస్తే తగ్గిందా మరి?” అని అడిగింది. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే.

“కొన్ని రోజులు కొంచెం. కొన్ని రోజులు లేదు” అన్నాడు సూరయ్య. ఇంతమంది బియ్యం మోసుకొచ్చినందుకు ఇంతకంటే పెద్ద మహిమ చూపించలేకపోతున్నందుకు అతనికి నిజంగా మొహం చెల్లలేదు. “ఒక్కణ్ణే నడిస్తే అసలు లేదు.”

అప్పుడు వెనక నుంచి సుబ్బమ్మ గొంతు వినిపించింది. “మో ఓసి. నాకూ అదే జబ్బు, బాలయ్యా.”

ఇక తాళాలు మోగుతాయని అందరూ అనుకున్నారు. బాలయ్య చేతులు ఆడలేదు. 

“మా అన్న ఎంకన్న మీలో శానామందికి తెలీదు” అన్నాడు. “నాకప్పుడు పాతికేళ్లు. ఇలాగే మంచం దిగేవాడు కాదు. సోమరన్నాం. మా నాయన కర్రుచ్చుకుని కొట్టాడు. లేచి తిరుగు, లేచి పనికి పో, అనే అన్నాం రోజూ. ఒకరోజు లేచి పోయాడు, సుయాక్ సముద్రం వైపు. తిరిగి రాలేదు.” ముసలాయన సూరయ్య వైపు తిరిగాడు. “లేచి పో అన్నాం గాని, సూరయ్యా, పదరా నేనూ వస్తా అని ఒక్కరోజు అనలేదు.”

 సూరయ్య ముసలాయన చేతుల్లోంచి తాళాలు మెల్లగా తీసుకుని, ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టి, పక్కనే కూర్చున్నాడు.